పాత డీజిల్ కారులో ఏసీ చల్లబరచడం లేదా? గ్యాస్ పట్టించే ముందు వరసగా చూడాల్సినవి

ఏసీ చల్లగా రావడం లేదనగానే "గ్యాస్ అయిపోయుంటుంది, పట్టిస్తే సరి" అనే మాటే ముందు వస్తుంది. గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యే సరుకు కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాల్లోంచి, కంప్రెసర్ షాఫ్ట్ సీలు దగ్గర ఏటా కాస్త పోవడం మామూలే. కానీ నిరుడు పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే ఎక్కడో కారుతున్నట్టే. పైగా పాత డీజిల్ బండిలో ఏసీ మొరాయించడానికి గ్యాస్‌తో సంబంధం లేని కారణాలు బోలెడు. అరిగిపోయిన కంప్రెసర్ క్లచ్, ఊడిన వాక్యూమ్ గొట్టం, పడిపోయిన ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం), మట్టి పట్టిన కండెన్సర్, ఇలా. వీటిలో చాలావాటిని ఒక మల్టీమీటరు, ఒక టార్చిలైటు, కాస్త ఓపిక ఉంటే మీరే పట్టుకోవచ్చు. అందుకే ఇక్కడ ఖర్చు లేని పనులు ముందు, గ్యాస్ విప్పాల్సినవి చివర వస్తాయి.

ముందుగా లోపల ఏం జరుగుతుందో క్లుప్తంగా. కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి, ఒత్తిడీ వేడీ పెంచి కండెన్సర్‌లోకి తోస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి గ్యాస్ ద్రవంగా మారుతుంది. అది తేమను పీల్చే డ్రయర్ గుండా వెళ్లి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని రంధ్రంలోంచి బయటపడగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లో మరిగి, బ్లోయర్ తోసే గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. అక్కడినుంచి మళ్లీ కంప్రెసర్‌కు. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా మీకు తెలిసేది ఒక్కటే: చల్లగా లేదు. కాబట్టి ఆ మాటను ఇంకాస్త విడమరచాలి.

1. లక్షణం సరిగ్గా పట్టుకోండి

ఒక థర్మామీటరును మధ్య వెంట్‌లో పెట్టండి. అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా రీసర్క్యులేషన్ వేసి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి పది నిమిషాలు ఆగండి. బయట 35 డిగ్రీలుంటే వెంట్‌లో 12 డిగ్రీల లోపు వస్తే పాత బండికి అది బాగున్నట్టే. 20 దాటితే ఏదో ఉంది. ఈ అంకె రాసిపెట్టుకోండి. రిపేరు అయ్యాక మెరుగుపడిందా లేదా అన్నది చేత్తో తాకి చెప్పడం కుదరదు.

తర్వాత తేడా ఎప్పుడు వస్తోందో చూడండి. రోడ్డు మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కితే కండెన్సర్ గాలినో ఐడిల్‌నో అనుమానించాలి. ఉదయం బాగుండి, అరగంట తిరిగాక చల్లదనం పోయి, ఇంజిన్ చల్లారాక మళ్లీ వస్తే చాలాసార్లు దోషం క్లచ్‌దే. గంట తిరిగాక గాలే సన్నబడి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ జోరందుకుంటే కాయిల్ మీద మంచు గడుతోంది. ఎప్పుడు చూసినా ఒకేలా గోరువెచ్చగా ఉంటే అప్పుడు గ్యాస్ వైపు చూడొచ్చు.

2. గాలి దారి

ఇది త్వరగా తేలిపోతుంది. క్యాబిన్ ఫిల్టర్ ఉంటే తీసి చూడండి. బాగా పాత మోడళ్లలో అసలు ఫిల్టరే ఉండదు. అప్పుడు దుమ్మంతా కూలింగ్ కాయిల్ మీదే పేరుకుంటుంది. బ్లోయర్ ఆఖరి స్పీడులో మాత్రమే తిరుగుతూ, మిగతా స్పీడుల్లో కదలకపోతే దాని రెసిస్టర్ కాలిపోయింది. మోటారు మార్చనక్కర్లేదు.

ఏసీ వేసిన కాసేపటికి బండి కింద నీళ్లు కారుతున్నాయా? గాలిలో తేమ ఉన్న రోజున కారాలి. కారకుండా ముందు సీటు కింద తివాచీ తడుస్తుంటే కాయిల్ కింది గొట్టం పూడుకుపోయింది. మెత్తని తీగతో కింది నుంచి నెమ్మదిగా తీయాలి. మంచు గట్టే రకమైతే, కాయిల్ రెక్కల మధ్య ఉండి చల్లదనాన్ని పసిగట్టే థర్మిస్టర్ తన చోటు నుంచి జారిందేమో, ఫిల్టర్ నిండిందేమో చూడండి. గ్యాస్ కాస్త తగ్గినా మంచు గట్టవచ్చు.

3. చల్లగాలిలో వేడిగాలి కలుస్తోందా?

కూలింగ్ కాయిల్ తన పని చేస్తున్నా, దాని వెనకే ఉన్న, ఇంజిన్ వేడినీళ్లు తిరిగే హీటర్ కోర్ ఆ గాలిని మళ్లీ వేడి చేస్తూ ఉండవచ్చు. హీటర్ వాల్వ్ పూర్తిగా మూసుకోకపోయినా, గాలిని మళ్లించే ఫ్లాప్ మధ్యలో ఇరుక్కున్నా ఇలా అవుతుంది. తేల్చుకోవడం తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హీటర్‌కు పోయే రబ్బరు గొట్టాల్లో ఒకదాన్ని గొట్టాలకు వాడే క్లాంపుతో మెత్తగా బిగించి, తర్వాత ఇంజిన్ వేడెక్కే దాకా నడపండి. వెంట్ ఉష్ణోగ్రత ముందు రాసుకున్న అంకెకంటే బాగా తక్కువుంటే దొంగ దొరికినట్టే. గొట్టం పెళుసుగా ఉంటే ఈ పరీక్ష జోలికి పోవద్దు, పగులుతుంది.

ఇక్కడే డీజిల్‌కు ప్రత్యేకమైన విషయం ఒకటుంది. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ వల్ల ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దానంతటదే పుడుతుంది. పాత డీజిల్ ఇంజిన్‌లో అది పుట్టదు కాబట్టి వేరే వాక్యూమ్ పంపు పెడతారు. కొన్నింటిలో అది ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది, కొన్నింటిలో క్యామ్‌షాఫ్ట్ తిప్పుతుంది. బ్రేకు బూస్టర్‌తో పాటు కొన్ని మోడళ్లలో ఏసీ ఫ్లాపులు కూడా ఆ వాక్యూమ్‌తోనే కదులుతాయి. సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఎండి పగిలితే ఫ్లాపులు కదలవు. చాలా బండ్లలో అప్పుడు గాలి మొహానికి రాకుండా ముందు అద్దానికి కొడుతుంది. పాత మెర్సిడెస్ డీజిళ్లలో ఇంజిన్ ఆపేది కూడా వాక్యూమే. అందువల్ల తాళం తీశాక కూడా ఇంజిన్ ఆగకుండా తిరగడం, వెంట్లు మారకపోవడం ఒకేసారి మొదలైతే రెండిటికీ కారణం ఒకే లీకు కావచ్చు. బ్రేకు పెడల్ గట్టిపడినా ముందు పంపునూ దాని గొట్టాలనూ చూసి, ఆ పని అయ్యాకే ఏసీ సంగతి చూడండి.

4. బానెట్ ఎత్తి చూడాల్సినవి

ఒక హెచ్చరిక: ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజిన్ ఆపి ఉన్నా తిరగవచ్చు. చేయి పెట్టే ముందు తాళం తీసేయండి.

బెల్ట్ పగుళ్లు, మెరుపు, బిగువు చూడండి. డీజిల్ ఇంజిన్ ప్రతి దహనానికీ గట్టిగా కుదుపుతుంది. ఆ కుదుపు బెల్టునూ టెన్షనర్‌నూ త్వరగా అరగదీస్తుంది, కంప్రెసర్ బ్రాకెట్ బోల్టులను వదులు చేస్తుంది. ఏసీ వేసినప్పుడు టకటక శబ్దం వస్తుంటే కంప్రెసర్‌నే తప్పుపట్టకుండా ముందు ఆ బోల్టులకు స్పానర్ వేసి చూడండి.

తర్వాత కండెన్సర్. దాని ముందు వైపు శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు చెత్త కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుకులో ఉంటుంది. టర్బో బండిలో ఇంటర్‌కూలర్ కూడా ఆ వరసలోనే ఉంటే ఇంకా ఎక్కువ. ఎండుటాకులు, పురుగులు, ఆయిల్ తేమకు అంటుకున్న దుమ్ము కలిసి దుప్పటిలా పరుచుకుంటాయి. వెనక నుంచి ముందుకు మామూలు ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. ప్రెషర్ వాషర్ దగ్గర పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఫ్యాన్ సంగతి: ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే చాలా బండ్లలో ఏసీ వేయగానే, కొన్నింటిలో ఒత్తిడి పెరిగాక తిరగడం మొదలవుతుంది. అసలే తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. ఇంజిన్‌కే బిగించిన ఫ్యాన్ అయితే దాని మధ్యలో చిక్కని ద్రవంతో పట్టు ఇచ్చే విస్కస్ కప్లింగ్ పాతబడి జారుతుంటుంది. ఇంజిన్ వేడిగా ఉండి, ఆపి ఉన్నప్పుడు ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కాస్త బిగువుగా కదలాలి. గిర్రున తిరిగిపోతే కప్లింగ్ పోయినట్టే. ఇలాంటి బండిలో నిలబడి ఉన్నప్పుడు కండెన్సర్ మీద నీళ్లు చల్లి చూడండి. వెంట్ వెంటనే చల్లబడితే లోపం గ్యాస్‌లో లేదు, గాలిలో ఉంది.

5. కంప్రెసర్ క్లచ్: అసలు అనుమానితుడు

ఏసీ బటన్ నొక్కగానే "టక్" మని శబ్దం వచ్చి కంప్రెసర్ ముందున్న ప్లేటు బెల్టు తిప్పే పుల్లీతో కలిసి తిరగాలి. ఆ రెండిటినీ కలిపేదే క్లచ్. (కొన్ని తర్వాతి తరం కంప్రెసర్లకు ఈ క్లచ్ ఉండదు, పుల్లీ ఎప్పుడూ కంప్రెసర్‌ను తిప్పుతూనే ఉంటుంది. అలాంటివాటికి ఈ భాగం వర్తించదు.)

ప్లేటు తిరగకపోతే క్లచ్ కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలవండి. వోల్టేజే లేకపోతే వెనక్కి వెళ్లాలి: ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, థర్మిస్టర్, బటన్. గ్యాస్ ఒత్తిడి దాదాపు 2 బార్ (బార్ ఒత్తిడి కొలత) కంటే తగ్గినా, 30 బార్ దరిదాపులకు పెరిగినా ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను ఆపేస్తుంది. స్విచ్ దగ్గర తీగ కలిపి దాటవేసే పాత చిట్కా ఒకటుంది. స్విచ్ పాడైందో లేదో తెలుసుకోవడానికి రెండు మూడు సెకన్లు సరే, అలాగే వదిలేసి తిరిగితే మాత్రం కంప్రెసర్ బిగుసుకుపోతుంది. కంప్రెసర్‌కు ఆయిల్ అందేది తిరిగే గ్యాస్‌తోనే. గ్యాస్ లేకపోతే ఆయిల్ తిరిగి రాదు.

వోల్టేజి ఉండి కూడా ప్లేటు అతుక్కోకపోతే ముఖ్యంగా రెండు కారణాలు. మొదటిది క్లచ్ లోపల అయస్కాంతంగా పనిచేసే రాగి తీగచుట్ట (ఇదీ కాయిలే, కూలింగ్ కాయిల్ కాదు) తెగడం. ఇంజిన్ ఆపి, కనెక్టర్ విప్పి రెసిస్టెన్స్ కొలవండి. 12 వోల్టుల క్లచ్‌లో సాధారణంగా 3 నుంచి 5 ఓంలు ఉంటుంది. అనంతం చూపిస్తే కాయిల్ పోయింది.

రెండోది ప్లేటుకూ పుల్లీకీ మధ్య ఖాళీ పెరగడం. పాత బండ్లలో నాకు అన్నిటికంటే ముందు అనుమానం వచ్చేది ఇదే. ఎందుకంటే ఇది "ఉదయం బాగుంటుంది, మధ్యాహ్నం పోతుంది" అనే వింత లక్షణాన్ని పూర్తిగా వివరిస్తుంది. రాగి తీగ రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీ వేడికీ దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 4 ఓంలున్న కాయిల్ ఇంజిన్ వేడికి 95 డిగ్రీలకు చేరితే 5 ఓంలు దాటుతుంది. 14 వోల్టుల దగ్గర 3.5 ఆంపియర్లు పోయే చోట 2.8 కూడా పోదు. అయస్కాంతం బలం ఆ మేరకు తగ్గుతుంది. ఖాళీ సరిగ్గా ఉంటే ఆ బలమూ చాలు. ఏళ్ల అరుగుదలతో ఖాళీ పెరిగిన చోట ప్లేటును లాగలేకపోతుంది. లాగినా జారి, రాపిడితో ఇంకా వేడెక్కుతుంది.

సన్నని లోహపు రేకుల ఫీలర్ గేజితో కొలవండి. చాలా కంప్రెసర్లలో ఖాళీ 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. సరైన అంకె మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. చుట్టూ మూడు చోట్ల కొలవాలి, ప్లేటు వంగి ఉండవచ్చు. ఖాళీ ఎక్కువైతే ప్లేటు మధ్య బోల్టు విప్పి, వెనకున్న సన్నని షిమ్ వాషర్లలో ఒకటి తీసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. గ్యాస్ విప్పనక్కర్లేదు, చాలా బండ్లలో కంప్రెసర్ కిందికి దించనక్కర్లేదు. ప్లేటు మీద రాపిడి పొర పూర్తిగా అరిగిపోతే మాత్రం క్లచ్ సెట్ మార్చాలి.

వోల్టేజి తగ్గడం వల్లా ఇదే లక్షణం వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి క్లచ్ దగ్గర 11 ఉంటే, మధ్యలో మూడు వోల్టులు తినేస్తున్నది మాడిన రిలే పాయింట్లు గానీ తుప్పు పట్టిన ఎర్త్ తీగ గానీ. ఒక్క తీగ మాత్రమే ఉన్న క్లచ్‌కు ఎర్త్ బ్రాకెట్ ద్వారానే అందుతుంది. అక్కడి తుప్పు గీకడానికి గరుకు కాగితం చాలు.

6. ఇంజిన్ ఏసీని ఆపేస్తోందా?

మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న డీజిళ్లలో ఏసీ వేసినప్పుడు ఐడిల్ పెంచడానికి పంపు లివర్ దగ్గర చిన్న డయాఫ్రమ్ పరికరం ఉంటుంది. అదీ చాలా బండ్లలో వాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. డయాఫ్రమ్ చిరిగితే కంప్రెసర్ అతుక్కోగానే ఐడిల్ పడిపోయి బండి వణుకుతుంది. కంప్రెసర్ నెమ్మదిగా తిరగడంతో ఆగి ఉన్నప్పుడు చల్లదనం రాదు, యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంది. దీన్ని చూసి గ్యాస్ తక్కువని పొరబడటం మామూలు.

పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు పికప్ కోసం కంప్రెసర్‌ను కొన్ని సెకన్లు ఆపే స్విచ్ కూడా కొన్ని మోడళ్లలో ఉంటుంది. అది ఇరుక్కుంటే ఏసీ అసలే రాదు. ఇంజిన్ మరీ వేడెక్కితే ఏసీ ఆపే ఏర్పాటూ ఉంటుంది. అక్కడ సెన్సర్ తప్పు చెబుతుండవచ్చు, నిజంగానే ఇంజిన్ వేడెక్కుతుండవచ్చు. రెండో మాటను తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని టయోటా మోడళ్లలో ఏసీ లైటు మినుకుమినుకుమంటే, ఇంజిన్ వేగానికి తగ్గట్టు కంప్రెసర్ తిరగడం లేదని అర్థం. బెల్ట్ జారుతుంది లేదా కంప్రెసర్ బిగుస్తోంది.

7. గేజులు పెట్టడం

ఇక్కడిదాకా అంతా బాగుంటేనే ఒత్తిడి కొలిచే గేజులు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఇలాంటి బండ్లలో మామూలుగా ఉండే ఏసీ గ్యాస్ ఆర్134ఏ. ద్రవరూపంలో ఉన్నప్పుడు అది మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే గడ్డకట్టిస్తుంది. గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం చాలా దేశాల్లో నేరం. తీయాల్సి వస్తే రికవరీ మెషీన్ ఉన్న చోట తీయించండి.

ఇంజిన్ ఆపి, బండి చల్లారాక రెండు గేజులూ ఒకే అంకె చూపించాలి. ఆర్134ఏకి 25 డిగ్రీల దగ్గర దాదాపు 5.6 బార్, 35 డిగ్రీల దగ్గర దాదాపు 7.9 బార్. అంతకంటే బాగా తక్కువుంటే గ్యాస్ దాదాపు ఖాళీ. సరిగ్గా ఉంటే మాత్రం గ్యాస్ నిండుగా ఉందని అనుకోకండి. లోపల చెంచాడు ద్రవం మిగిలి ఉన్నా ఇదే ఒత్తిడి కనిపిస్తుంది. అంకె ఎక్కువగా ఉంటే వ్యవస్థలో గాలి కలిసింది, లేదా ఎవరో వేరే గ్యాస్ కలిపారు.

ఇప్పుడు ఇంజిన్ 1500 ఆర్‌పీఎం, ఏసీ పూర్తిగా వేసి చూడండి. బయట 35 డిగ్రీలున్నప్పుడు తక్కువ ఒత్తిడి వైపు 2 నుంచి 3 బార్, ఎక్కువ ఒత్తిడి వైపు 14 నుంచి 18 బార్ ఉంటే ఫరవాలేదు. తేడాలను ఇలా చదవాలి:

- రెండూ తక్కువ: గ్యాస్ తక్కువ.
- రెండూ ఎక్కువ: గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కు గాలి అందడం లేదు, లేదా గాలి కలిసింది.
- తక్కువ వైపు పెరిగి, ఎక్కువ వైపు తగ్గి, రెండూ దగ్గరపడితే: కంప్రెసర్ లోపల అరిగింది.
- తక్కువ వైపు సున్నా కిందికి పోతుంటే: ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుంది. కాసేపు బాగుండి తర్వాత ఇలా అయి, ఆపితే మళ్లీ బాగవుతుంటే లోపలి తేమ వాల్వ్ దగ్గర మంచుగా మారుతోంది. డ్రయర్ మార్చి, వాక్యూమ్ బాగా పట్టాలి.

కండెన్సర్ ఫ్యాన్ తిరగకుండా ఈ అంకెలు చదివితే అన్నీ తప్పుగా వస్తాయి. నాలుగో మెట్టును ముందు పెట్టింది అందుకే.

8. లీకు పట్టడం

గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా కొద్దిగా వస్తుంది. ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి మరక ఏర్పడుతుంది. కండెన్సర్ కింది భాగం, రబ్బరు గొట్టం లోహపు గొట్టంతో కలిసే నొక్కు, కంప్రెసర్ ముందు షాఫ్ట్ సీలు, గేజులు తగిలించే సర్వీసు పోర్టుల వాల్వులు, ఇవి మామూలు చోట్లు. డీజిల్ ఇంజిన్ జిడ్డు ఎలాగూ అంతటా ఉంటుంది కాబట్టి ముందు తుడిచి, వారం తర్వాత మళ్లీ చూడాలి. వెనక సీట్లకు వేరే కూలింగ్ కాయిల్ ఉన్న పెద్ద బండ్లలో అడుగున పోయే పొడవాటి గొట్టాలను పట్టీల కింద చూడండి. రాపిడికీ తుప్పుకూ అక్కడే చిల్లు పడుతుంది.

సబ్బు నురగ పెద్ద లీకులకే పనికొస్తుంది. చిన్నవాటికి అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు గానీ ఎలక్ట్రానిక్ డిటెక్టర్ గానీ కావాలి. ఖాళీ వ్యవస్థను పరీక్షించాలంటే పొడి నైట్రోజన్ వాడాలి. కంప్రెస్డ్ ఎయిర్ వద్దు, తేమ చేరుతుంది. ఆర్134ఏతో గాలి కలిసి ఒత్తిడి పెరిగితే అంటుకునే ప్రమాదమూ ఉంది. ఆక్సిజన్ అసలే వద్దు, ఆయిల్‌తో కలిసి పేలుతుంది. లీకు మూస్తుందని అమ్మే ద్రావణాల డబ్బాలను నేనైతే బండి దగ్గరికి రానివ్వను. అవి చిల్లుతో పాటు వాల్వునూ మూయగలవు, తర్వాత గ్యాస్ తీసే మెషీన్‌నూ పాడు చేయగలవు.

9. విప్పి బిగించడం, గ్యాస్ ఎక్కించడం

వ్యవస్థను ఒకసారి విప్పాక డ్రయర్, విప్పిన చోటల్లా ఓ-రింగులు (రబ్బరు వలయాలు) మార్చాలి. కంప్రెసర్ లోపల విరిగి లోహపు పొడి వస్తే లెక్క మారుతుంది. సన్నని కాలువల కండెన్సర్‌ను కడిగి శుభ్రం చేయడం నమ్మదగ్గ పని కాదు, దాన్నీ ఎక్స్‌పాన్షన్ వాల్వునూ కొత్తవే వేయాలి. లేకపోతే కొత్త కంప్రెసర్ కూడా అదే పొడి మింగి పోతుంది.

గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగే వాక్యూమ్ పంపు (ఇంజిన్ మీదున్నది కాదు, బయటి నుంచి తగిలించేది) కనీసం అరగంట, తేమ అనుమానముంటే గంట నడవాలి. ఒత్తిడి బాగా తగ్గినప్పుడు నీరు గది ఉష్ణోగ్రతలోనే మరిగి ఆవిరై బయటికి పోతుంది. పంపు ఆపాక పావుగంట గేజి కదలకుండా ఉండాలి. కదిలితే గ్యాస్ పట్టించకుండా మళ్లీ లీకు వెతకాలి.

గ్యాస్‌ను ఒత్తిడి చూసి కాదు, తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింది స్టిక్కర్ మీద ఉంటుంది. డబ్బాతో ఎక్కిస్తుంటే తక్కువ ఒత్తిడి వైపు నుంచే, డబ్బా నిటారుగా పట్టుకుని ఎక్కించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఎక్కువ ఒత్తిడి వైపు వాల్వు తెరిస్తే ఆ ఒత్తిడి డబ్బాలోకి వెళ్లి అది పేలవచ్చు. ఆయిల్ రకం కూడా మాన్యువల్ చెప్పిందే వాడాలి. ఆర్134ఏ బండ్లలో వాడే పాగ్ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది కాబట్టి మూత తీసి వదిలేసిన సీసాను వాడొద్దు.

1990ల మొదటి భాగానికి ముందు తయారైన బండి అయితే అందులో మొదట ఆర్12 అనే పాత రకం ఏసీ గ్యాస్ ఉండి ఉంటుంది. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని క్రమంగా నిలిపేశారు. దాన్ని ఆర్134ఏకి మారిస్తే పాత మినరల్ ఆయిల్ పనికిరాదు, సాధారణంగా ఎస్టర్ ఆయిల్ వేస్తారు. గ్యాస్ బరువు పాత లెక్కలో 80 నుంచి 90 శాతం చాలు. కండెన్సర్ పాతదే ఉంచితే మునుపటి చల్లదనం రాదని ముందే అనుకోవాలి. వంటగ్యాస్ లాంటి మండే గ్యాస్‌లు కలిపి ఇచ్చేవారూ ఉంటారు. కూలింగ్ కాయిల్ మీరు కూర్చునే క్యాబిన్ గాలి దారిలోనే ఉంటుంది, అక్కడ లీకైతే ఆ గ్యాస్ నేరుగా లోపలికే వస్తుంది. ఒప్పుకోవద్దు.

అంతా అయ్యాక మొదట రాసిపెట్టుకున్న అంకె తీసి, అదే పద్ధతిలో మళ్లీ కొలవండి. చలికాలంలో కూడా వారం పది రోజులకోసారి ఏసీని పది నిమిషాలు నడపండి, ఆయిల్ తగలక షాఫ్ట్ సీలు ఎండిపోయేది అప్పుడే. సర్వీసు పోర్టుల మీద ప్లాస్టిక్ మూతలు బిగించడం మరచిపోవద్దు. లోపలి వాల్వు కొద్దిగా వదిలినా గ్యాస్‌ను ఆపేది ఆ మూతలోని రబ్బరు రింగే.